యుటిలిటీ ఏటీవీ కొనేటప్పుడు ఎన్ని సీసీల ఇంజిన్ తీసుకోవాలి?

యుటిలిటీ ఏటీవీ, అంటే ఎగుడుదిగుడు నేల మీద పనులకి వాడే నాలుగు చక్రాల బండి, కొందాం అనుకోగానే అందరూ అడిగే మొదటి మాట 400 సరిపోతుందా, 500 తీసుకోవాలా, లేకపోతే ఎలాగూ కొంటున్నాం కదా అని 700 కే పోదామా అని. ఈ ప్రశ్న చివర్లో అడగాలి అంటాను నేను. ముందు ఒక కాగితం మీద ఆ బండితో మీరు నిజంగా చేసే పనులు రాయండి, ట్రైలర్ లాగుతారా, లాగితే నిండుగా ఎన్ని కిలోలు, మందు కొట్టే ట్యాంకు పెడతారా, మంచు తోస్తారా, కంచె వెంబడి తిరిగి చూసుకోవడానికేనా, నేల గట్టిగా ఉంటుందా బురదా, ఎక్కే వాలు ఎంత, నడిపే మనిషి బరువెంత. సంవత్సరానికి ఒక్కసారి వచ్చే పెద్ద పనిని పక్కన పెట్టి, ప్రతి వారం వచ్చే పనుల్లో అన్నిటికంటే బరువైనది ఏదో దాని కింద గీత గీయండి. ఇంజిన్ ఆ పనికి సరిపోవాలి, అంతే. ఏడాదికోసారి వచ్చే పనికి ఎవరి ట్రాక్టరో మాట్లాడుకోవచ్చు.

సీసీ అంటే ఇంజిన్‌లో పిస్టన్ కదిలే చోటు ఎంత అన్న లెక్క, అది పెద్దదైతే ఒక్కో దెబ్బకి ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు మండి ఎక్కువ టార్క్, అంటే తిప్పే బలం, వస్తుంది, ఇంతవరకు అందరికీ తెలిసిందే. కానీ బండి పేరులో ఉన్న నంబరు చూసి సీసీ అదే అనుకోకండి. యమహా కోడియాక్ 450 ఇంజిన్ 421 సీసీ. సుజుకీ కింగ్‌క్వాడ్ 400 ది 376, కింగ్‌క్వాడ్ 750 ది 722. అన్నిటికంటే తమాషా క్యాన్-ఆమ్ ది, 2023 మోడల్ నుంచి వాళ్ళ అవుట్‌ల్యాండర్ 500, అవుట్‌ల్యాండర్ 700 రెండింట్లోనూ ఉన్నది ఒకే 650 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్, ఒకదాన్ని 40 హార్స్‌పవర్‌కి, ఇంకోదాన్ని 50 కి ట్యూన్ చేసి ఇస్తున్నారు. కాబట్టి పేరు వదిలేసి స్పెసిఫికేషన్ షీట్‌లో డిస్‌ప్లేస్‌మెంట్ అన్న లైను వెతికి చదవండి.

ఇక అసలు విషయానికి వద్దాం. లాగే బరువుకి ఎన్ని సీసీ కావాలి? ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు, ఎందుకంటే ఎక్కువ సీసీ అయితే ఎక్కువ బరువు లాగుతుంది అని లెక్క వేసుకుంటారు, కంపెనీలు ఇచ్చే టోయింగ్ రేటింగ్, అంటే ఎన్ని కిలోల వరకు లాగొచ్చన్న పరిమితి, చూస్తే అలా లేదు. కింగ్‌క్వాడ్ 500, 750 రెండింటికీ ఇప్పటి రేటింగ్ ఒకటే, 600 కిలోలు. కోడియాక్ 450, కోడియాక్ 700 కూడా అంతే, రెండూ 600 దగ్గరే. పైన చెప్పిన అవుట్‌ల్యాండర్ 500, 700 రెండూ 830 కిలోలు. ఎందుకంటే టోయింగ్ రేటింగ్‌ని ఇంజిన్ ఒక్కటే తేల్చదు, ఫ్రేము, ట్రైలర్ తగిలించే హిచ్ ఎంత బలం తట్టుకుంటాయి, బ్రేకులు ఎంత బరువుని ఆపగలవు, బండి సొంత బరువెంత, అన్నీ కలిపి తేలుస్తాయి. ఐతే కింది క్లాసుల్లో తేడా నిజంగానే కనిపిస్తుంది, హోండా రాంచర్ 420 కి 385 కిలోలు ఇస్తే దాని పైన ఉన్న ఫోర్‌మ్యాన్ 520 కి 600 కిలోలు ఇస్తారు. ఇంకో మాట, ఆ రేటింగ్‌లో ట్రైలర్ బరువు కూడా కలిసే ఉంటుంది, 150 కిలోల ట్రైలర్ అయితే రాంచర్ వెనక మీరు వేసుకోగలిగే సరుకు 235 కిలోలే.

ఒక చిన్న లెక్క చేద్దాం, దీంతో చాలా సందేహాలు తీరతాయి. బండి 300 కిలోలు, మనిషి 80, నిండు ట్రైలర్ 500, మొత్తం 880 కిలోలు అనుకోండి. ఎండిన మట్టి నేల మీద చక్రాలు దొర్లడానికే బరువులో ఒక ఆరు శాతం బలం పోతుందనుకుంటే సుమారు 53 కిలోల లాగుడు. అదే నూటికి ఇరవై వాలు ఎక్కుతుంటే దానికి ఇంకో 176 కిలోలు కలుస్తాయి, అంటే చదునుకీ వాలుకీ నాలుగింతల పైన తేడా. ఇప్పుడు ఆ వాలు మీద గంటకి 8 కిలోమీటర్ల చొప్పున ఎక్కితే చక్రాల దగ్గర కావలసింది ఏడు హార్స్‌పవర్ లోపే, దార్లో బెల్టులోనూ గేర్లలోనూ పోయేది కలిపినా పది చాలు. మామూలు 400 క్లాసు బండి పాతిక ముప్పై హార్స్‌పవర్ ఇస్తుంది. మరి అదే వాలు గంటకి 24 కిలోమీటర్ల స్పీడుతో ఎక్కాలంటే మూడింతలు కావాలి, చక్రాల దగ్గరే 20 దాకా, అప్పుడు 400 రొప్పుతుంది. అంటే పెద్ద ఇంజిన్ మీకు కొనిపెట్టేది ఎక్కువగా స్పీడు. నిదానంగా లో గేర్‌లో పోగలిగే పని అయితే చిన్న ఇంజిన్ కూడా అదే బరువు లాగుతుంది. బురద అయితే లెక్క మారిపోతుంది, అక్కడ చక్రం దొర్లడానికి పోయే బలం రెండు మూడింతలు అవుతుంది, అప్పుడు టార్క్ చేతిలో ఉండటం నిజంగా ఉపయోగం.

ఇదంతా లో రేంజ్, అంటే స్పీడు తగ్గించి లాగే బలం పెంచే గేరు, ఉందని అనుకుని చెప్తున్నా. ఎక్కువ ఏటీవీల్లో ఉండేది బెల్టుతో నడిచే సీవీటీ, అంటే గేర్లు మార్చనక్కర్లేని ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్, దాంట్లో హై రేంజ్‌లో పెట్టి బరువు లాగితే ఇంజిన్ ఎంత పెద్దదైనా బెల్టు జారి వేడెక్కి కాలిపోతుంది, 1000 సీసీ అయినా అంతే. బరువు లాగేటప్పుడూ, నిదానంగా మంచు తోసేటప్పుడూ, నిటారు వాలు దిగేటప్పుడూ లో రేంజ్ వెయ్యాల్సిందే. హోండా వాళ్ళ రాంచర్, ఫోర్‌మ్యాన్ లాంటివి బెల్టు లేకుండా గేర్లతో వస్తాయి, రోజూ లాగే పని ఉన్నవాళ్ళకి అది చిన్న ఇంజిన్‌తో కూడా నమ్మకంగా ఉంటుంది అనేది నా అభిప్రాయం. 420 గేర్ బండికీ 570 బెల్టు బండికీ మధ్య ఊగుతుంటే సీసీ చూడకుండా ఏ ట్రాన్స్‌మిషన్ మీ పనికి నప్పుతుందో చూసి తేల్చుకోండి.

సరే, క్లాసుల వారీగా చెప్తాను, ఎంతలో ఏం వస్తుందో.

250, 300 క్లాసు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. హోండా రీకాన్ 250 లాంటిది సుమారు 200 కిలోలే ఉంటుంది, వెనక్కి తిప్పుకోవడం తేలిక, ఇరుక్కుంటే ఇద్దరు కలిసి లాగేయొచ్చు, చదునైన చోట తిరిగి చూసుకోవడానికి, చిన్న సరుకు మోయడానికి బాగుంటుంది. కానీ వీటిలో చాలావాటికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉండదు, బురదా వాలూ ఉంటే వీటి జోలికి పోకండి.

400 నుంచి 450 క్లాసు, నా లెక్కలో ఎక్కువమందికి అసలు కావలసింది ఇదే. చిన్న ట్రైలర్, 60 లీటర్ల స్ప్రే ట్యాంకు, 48 అంగుళాల మంచు బ్లేడు, కట్టెల మోత, కంచె పని, అన్నీ చేస్తుంది. 1986 లో హోండా ఫోర్ వీల్ డ్రైవ్ ఏటీవీ తెచ్చినప్పుడు దాని ఇంజిన్ 350 సీసీనే, అప్పట్లో దాంతోనే పొలాల్లో పనులు చేసుకున్నారు. పెట్రోలు తక్కువ తాగుతుంది, ఇంజిన్ వేడి కాళ్ళకి తక్కువ తగులుతుంది, బండి 300 కిలోల లోపో ఆ చుట్టుపక్కలో ఉంటుంది కాబట్టి ఇరుకు చోట్ల తిప్పడం సులువు. స్ప్రే కొట్టేవాళ్ళకి ఇంకో సంగతి, మందు సమంగా పడాలంటే గంటకి ఆరేడు కిలోమీటర్ల దగ్గర స్పీడు కదలకుండా పోవాలి, అక్కడ త్రాటిల్, అంటే యాక్సిలరేటర్, మెత్తగా ఉండే చిన్న ఇంజిన్ చాలా హాయి, రెండు సిలిండర్ల పెద్ద వీ-ట్విన్ బండి వేలు కాస్త కదిలితే ముందుకి దూకుతుంది.

500 నుంచి 570 క్లాసుకి ఎప్పుడు వెళ్ళాలంటే, వారంలో రెండు మూడు సార్లు 300 కిలోలు దాటిన ట్రైలర్ కడతారు, లేదా దారిలో వాలులు ఎక్కువ, లేదా మీరే 100 కిలోలు పైన ఉంటారు, వెనక ర్యాక్ మీద సామాను కూడా ఉంటుంది, అప్పుడు. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 ఇంజిన్ 567 సీసీ, 44 హార్స్‌పవర్, టోయింగ్ 600 కిలోల పైనే. ఒకే బండి అన్నిటికీ కావాలి, ఏ పని వస్తుందో ముందే చెప్పలేను అనేవాళ్ళకి నేను చూపించేది ఈ క్లాసే, సింగిల్ సిలిండర్ కాబట్టి రిపేరు తేలిక, బలం కూడా చేతిలో కొంచెం మిగులుతుంది.

700, 750 దగ్గర జాగ్రత్తగా ఆలోచించండి. కోడియాక్ 700, గ్రిజ్లీ 700 లో ఉన్న 686 సీసీ ఇంజిన్ ఒకటే సింగిల్ సిలిండర్, నిదానంగా కూడా బాగా నడుస్తుంది కాబట్టి పనికి బాగుంటుంది. అదే కవాసాకీ బ్రూట్ ఫోర్స్ 750 అయితే వీ-ట్విన్, రెండు సిలిండర్లు, రెండు ప్లగ్గులు, వాల్వ్ క్లియరెన్స్ సరిచేయాలంటే రెండు హెడ్ల మీదా కవర్లు విప్పాలి, సీటు కింద వేడి ఎక్కువ. లోతు బురద, పొడవాటి ఎత్తులు, 60 అంగుళాల బ్లేడుతో తడి మంచు, ఇలాంటివి మామూలుగా ఉండేవాళ్ళకి ఆ ఖర్చు తగినదే. వెడల్పు బ్లేడుకి ఇంజిన్‌తో పాటు బరువు కూడా కావాలి, తేలిక బండికి పెద్ద బ్లేడు పెడితే ముందు చక్రాలు పక్కకి జారతాయి తప్ప మంచు కదలదు.

850, 1000 సంగతి సూటిగా చెప్తాను, స్పోర్ట్స్‌మన్ ఎక్స్‌పీ 1000 లాంటివి 90 హార్స్‌పవర్ దగ్గర ఉంటాయి, ఆ బలం వాడేది స్పీడుకి, దూరం ట్రయిల్స్‌కి. పని కోసమే అయితే ఇవి వద్దు. సామాను, మనుషులు అంత ఎక్కువ ఉంటే ఆ డబ్బుతో పక్కపక్కనే కూర్చునే సైడ్-బై-సైడ్ బండి చూసుకోండి, దానికి వెనక డంప్ బెడ్ వస్తుంది, ఇంకో మనిషి కూర్చోవచ్చు.

ఎత్తయిన కొండ ప్రాంతంలో ఉండేవాళ్ళు ఒక మెట్టు పైకి లెక్కేసుకోవాలి. గాలి పలచబడేకొద్దీ ఇంజిన్ బలం తగ్గుతుంది, ప్రతి 300 మీటర్లకి సుమారు మూడు శాతం, ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్రోలు మోతాదు సరిచేస్తుంది కానీ లేని గాలిని తేలేదు. 1500 మీటర్ల ఎత్తులో 420 సీసీ బండి సుమారు 360 సీసీ బండిలా నడుస్తుంది. అలాగే టైర్లు. కంపెనీ ఇచ్చిన 25 అంగుళాల టైర్లు తీసేసి పెద్దవి వేస్తే గేరింగ్ ఎత్తయిపోయి ఇంజిన్ మీద బరువు పడుతుంది, 500 బండి కాస్తా 400 లా అనిపిస్తుంది, తర్వాత ఇంజిన్ చాలట్లేదు అనుకుంటారు.

దిగేటప్పుడు ఏమవుతుందో కూడా ఆలోచించాలి, దీని గురించి డీలర్లు అస్సలు మాట్లాడరు. ఏటీవీ ట్రైలర్లకి సాధారణంగా సొంత బ్రేకులు ఉండవు. తేలిక బండి వెనక బరువైన ట్రైలర్ కట్టి వాలు దిగితే ట్రైలర్ బండిని నెడుతుంది, పక్కకి తిప్పేస్తుంది, ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి లాగగలదా అని అడిగిన ప్రతిసారీ ఆపగలదా అని కూడా అడగండి, ఇంజిన్ బ్రేకింగ్ నాలుగు చక్రాలకీ అందుతుందో లేదో తెలుసుకోండి. వాలులు ఉన్నవాళ్ళు 420 నుంచి 520 కి వెళ్ళడానికి అసలైన కారణం నా దృష్టిలో ఇదే, బండి బరువూ బ్రేకులూ.

ఇంట్లో పిల్లలు కూడా నడుపుతారు అని చిన్న సీసీ తీసుకునేవాళ్ళు ఉన్నారు, అది తప్పు. అమెరికాలో తయారీదార్ల సూచన ప్రకారమే పెద్దల సైజు ఏటీవీలు 16 ఏళ్ళు నిండినవాళ్ళకి మాత్రమే, 250 అయినా 700 అయినా తేడా లేదు. పిల్లలకి వేరే చిన్న బండ్లు ఉన్నాయి.

డబ్బు ఒక క్లాసు పైకి పెట్టగలిగితే దాన్ని సీసీకి పెట్టాలా వేరేదానికా అంటే, నేనైతే ముందు పవర్ స్టీరింగ్, తర్వాత ఇరుక్కుంటే తాడుతో బండిని లాగే వించ్, మంచి టైర్లు, ఆ తర్వాతే సీసీ అంటాను. పవర్ స్టీరింగ్ ఉన్న 450 మీద రోజంతా పని చేసి దిగితే చేతులు బాగుంటాయి, అది లేని 700 మీద ముందు బ్లేడు పెట్టుకుని రెండు గంటలు తిప్పితే భుజాలు పట్టేస్తాయి. వించ్, లైట్లు, స్ప్రే పంపు, వేడి హ్యాండిల్స్ అన్నీ పెట్టాలనుకుంటే ఆల్టర్నేటర్ ఎన్ని వాట్లు ఇస్తుందో అడగండి, ఒకే కంపెనీలో కూడా మోడల్‌కి మోడల్‌కి ఇది మారుతుంది, ఐడిల్‌లో వించ్ వాడితే బ్యాటరీ దిగిపోతుంది.

టెస్ట్ రైడ్‌కి వెళ్ళినప్పుడు ఖాళీ బండి చదును మీద నడిపి వచ్చేస్తే ఏ సీసీ అయినా బ్రహ్మాండంగానే ఉంటుంది. వీలైతే ట్రైలర్ కట్టి లో రేంజ్‌లో వాలు మీద మధ్యలో ఆపి మళ్ళీ కదిలించి చూడండి, వెనక్కి జారకుండా, బెల్టు వాసన రాకుండా కదిలిందంటే ఆ ఇంజిన్ మీకు చాలు. అలాగే ఓ పావుగంట నిదానంగా నడిపి రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిరగడం మొదలైంది, కుడి కాలికి ఎంత వేడి తగిలింది చూడండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే సీవీటీ కవరు విప్పించి బెల్టు అంచులు మెరుస్తున్నాయా, పగుళ్ళు ఉన్నాయా, ఒకే చోట అరిగిన మచ్చ ఉందా అని చూడకుండా బేరం ఆడకండి, మచ్చ ఉంటే దాన్ని హై రేంజ్‌లో పెట్టి బరువు లాగించి ఉంటారు, క్లచ్ కూడా చూపించుకోవాల్సిందే.