ఎలిజబెత్ కాలపు నాటకాలను సొంతంగా చదువుకుందాం – 4వ పాఠం: ‘దౌ’ ఎవరికి, ‘యూ’ ఎవరికి

గత పాఠంలో, రూపం అలాగే ఉండి అర్థం మాత్రం మారిపోయిన మాటలను చూశాం. జూలియెట్ మేడ మీద నిలబడి ‘వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో’ అన్నప్పుడు ఆమె రోమియో ఎక్కడున్నాడని వెతకడం లేదనీ, నువ్వు రోమియోవే ఎందుకు కావాలి, మా పగవాళ్ళ ఇంటనే ఎందుకు పుట్టాలి అని వాపోతోందనీ తెలుసుకున్నాం. ఆ వాక్యంలోనే మనం ఆగకుండా దాటి వచ్చిన మాట ఒకటుంది. అది ‘దౌ’. ఈ పాఠమంతా దాని గురించే.

డిగ్రీలో మాకు పాఠ్యంగా ఉన్న షేక్‌స్పియర్ నాటకం పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని మొదటి పుటలో పెన్సిలుతో ‘దౌ అంటే యూ, దీ అంటే యూ, దై అంటే యువర్’ అని రాసుకున్నాను. పరీక్షకు అది సరిపోయింది గాని, నాటకంలో మనుషుల మధ్య జరుగుతున్నదేదీ నాకు వినబడకుండా చేసింది కూడా ఆ ఒక్క పంక్తే. దౌ అంటే ‘నువ్వు’. ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు యూ అంటే చాలా చోట్ల ‘మీరు’. నేటి ఇంగ్లీషులో ఈ తేడా చెరిగిపోయింది కాబట్టి లండన్‌లో పుట్టిన విద్యార్థి కూడా దీన్ని పనిగట్టుకుని నేర్చుకోవలసిందే. మనకు మాత్రం అది నాలుక మీదే ఉంది. ఇంగ్లీషు పుస్తకం తెరవగానే దాన్ని పక్కన పెట్టేస్తున్నాం, అంతే.

ముందుగా రూపాలు చూద్దాం. ‘దౌ’ అంటే నువ్వు, ‘దీ’ అంటే నిన్ను లేదా నీకు, ‘దై’ అంటే నీ. అచ్చుతో మొదలయ్యే మాట ముందు ‘దై’ తరచుగా ‘దైన్’ అవుతుంది. నీ కళ్ళు అనడానికి ‘దైన్ ఐస్’ అంటారు. క్రియ కూడా మారుతుంది: ‘ఆర్ట్’, ‘హ్యాస్ట్’, ‘డస్ట్’, ‘విల్ట్’ అన్నవన్నీ దౌతో వచ్చే రూపాలు. మనకు ఇది కొత్తేమీ కాదు. ‘వచ్చావు’ అన్నా ‘వచ్చారు’ అన్నా మనం నువ్వు, మీరు అని విడిగా చెప్పనక్కర లేదు, క్రియే పట్టిచ్చేస్తుంది. ఆ నాటకాలలోనూ అంతే: హామ్లెట్ తన మిత్రుడు హొరేషియోతో ‘డస్ట్ నో దిస్ వాటర్-ఫ్లై?’ అంటూ, వచ్చిన ఆసామిని చూపించి వీడెవడో ఎరుగుదువా అని అడిగినప్పుడు దౌ ఆ వాక్యంలో లేకపోయినా ‘డస్ట్’లో ఉంది. ‘హ్యాత్’, ‘డత్’ అనే రూపాలు మాత్రం వేరు. అవి అతడు, ఆమె, అది అనే వాటితో వచ్చేవి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం మొదట్లో అందరూ చేసే పొరపాటే.

ఇక ఎవరు ఎవరిని ఏమంటారన్నది. ఒక్కరినే బహువచనంతో గౌరవించే అలవాటు ఫ్రెంచి మర్యాదల ప్రభావంతో 13వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో పాకింది. 1558లో ఎలిజబెత్ గద్దెనెక్కి 1603లో మరణించేనాటికి పై తరగతుల వారి మాటల్లో యూ సర్వసాధారణమైపోయింది. యజమాని నౌకరును దౌ అంటాడు, నౌకరు యజమానిని యూ అంటాడు. గొప్పింటి భార్యాభర్తలు కూడా ఒకరినొకరు యూ అనుకుంటారు. కాబట్టి ఇద్దరు పెద్దమనుషుల మధ్య దౌ వినబడిందంటే అక్కడ ఏదో జరిగింది: ప్రేమ, చనువు, జాలి, కోపం, తిరస్కారం, వీటిలో ఏదో ఒకటి. దేవుణ్ణి మాత్రం మనలాగే వాళ్ళూ నువ్వనే అంటారు.

తెలుగుతో పోల్చుకునేటప్పుడు ఒకచోట జాగ్రత్త పడాలి. మనలో చాలా ఇళ్ళలో అమ్మను నువ్వు అనే అంటాం, నాన్న దగ్గరకు వచ్చేసరికి ఇంటికో పద్ధతి. ఆ నాటకాలలోని పెద్దింటి బిడ్డలు తల్లినైనా తండ్రినైనా మామూలుగా యూ అనే పిలుస్తారు. కొడుకు తల్లిని యూ అన్నంత మాత్రాన దూరం పెడుతున్నాడని అనుకుంటే పొరబడతాం. ఈ సంగతి కాసేపట్లో మనకు పనికొస్తుంది.

దౌ తిట్టుగా ఎంత పనిచేసేదో ‘ట్వెల్ఫ్త్ నైట్’ మూడో అంకంలో హాస్యంగా తెలుస్తుంది. పిరికివాడైన సర్ ఆండ్రూ చేత ఒక కుర్రవాడికి ద్వంద్వయుద్ధపు సవాలు రాయిస్తూ సర్ టోబీ ఇచ్చే సలహా ఏమిటంటే, వాణ్ణి ఓ మూడుసార్లు ‘దౌ’ అను, తప్పులేదు అని. అక్కడ దౌ అనే మాటనే అతడు క్రియగా వాడాడు. ‘ఏకవచనంతో సంబోధించడం’ అని మనకు పత్రికల్లో కనిపించే మాట ఉందే, సరిగ్గా అదే. ఆండ్రూ ఆ సలహా తు.చ. తప్పకుండా పాటించి, నువ్వెవడివైనా సరే నువ్వో నీచుడివి అంటూ ఉత్తరం మొదలుపెడతాడు. ఇది వేదిక మీది వేళాకోళం మాత్రమే కాదు. 1603 నవంబరులో వించెస్టర్‌లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో అతణ్ణి ‘ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్’ అన్నాడు. నిన్ను నువ్వనే అంటాను రా ద్రోహీ అని దాని భావం. రాణి కొలువులో అంతకాలం వెలిగిన మనిషికి ఆ ఏకవచనం చెంపదెబ్బతో సమానం.

ఇప్పుడు ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ తీయండి. మొదటి అంకం మూడో రంగంలో వర్తకుడు ఆంటోనియో మూడు వేల డ్యూకట్ల అప్పు కోసం, తాను ఇన్నాళ్ళూ అసహ్యించుకున్న యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ దగ్గరకు వచ్చాడు. అప్పు అడిగే ఘట్టంలో ‘షల్ వీ బి బిహోల్డింగ్ టు యూ?’ అంటాడు. మీకు రుణపడి ఉండమంటారా అని, చక్కగా మీరుతోనే. దానికి షైలాక్ తన కడుపుమంటంతా వెళ్ళగక్కుతాడు: రియాల్టో బజారులో ఎన్నిసార్లు నన్ను తిట్టారు, కుక్క అన్నారు, నా అంగీ మీద ఉమ్మేశారు, ఇప్పుడు డబ్బు కావలసి వచ్చిందా అని. గమనించండి, ఇంత చేదు మాటల్లోనూ అతడు యూ తప్పలేదు. ఉమ్మిన మనిషిని కూడా మీరు అనే అంటున్నాడు. మర్యాద పొర కింద కాలుతున్న ఆ మంటే ఆ సంభాషణకు ప్రాణం. వెంటనే ఆంటోనియో నోట మర్యాద జారిపోతుంది: ‘ఐ యామ్ యాజ్ లైక్ టు కాల్ దీ సో అగైన్, టు స్పిట్ ఆన్ దీ అగైన్’. నిన్ను మళ్ళీ అలాగే అంటాను, నీ మీద మళ్ళీ ఉమ్ముతాను అని. రెండు నిమిషాల క్రితం నాటి ‘మీరు’ అప్పు కోసం తగిలించుకున్నదని అర్థమైపోయింది.

అక్కడి నుంచి నేరుగా మూడో అంకం మూడో రంగానికి వెళ్ళండి. ఓడలు మునిగాయన్న వార్త వచ్చింది, గడువు దాటింది, ఆంటోనియో కాపలావాడి వెంట వీధిలో నిలబడి ‘గుడ్ షైలాక్’ అని బతిమాలుతున్నాడు. షైలాక్ జవాబు: ‘దౌ కాల్డ్‌స్ట్ మీ డాగ్ బిఫోర్ దౌ హ్యాడ్‌స్ట్ ఎ కాజ్’. కారణమేదీ లేకుండానే నన్ను కుక్క అన్నావు, కుక్కనే కదా, ఇక నా కోరలతో జాగ్రత్త అంటాడు. కుక్క అన్న ఫిర్యాదు పాతదే, మొదటి అంకంలో విన్నదే. మారింది సర్వనామం ఒక్కటి. ఇన్నేళ్ళుగా కిందినుంచి పైకి ‘మీరు’ అంటూ వచ్చిన మనిషి మొదటిసారి పైనుంచి కిందికి ‘నువ్వు’ అన్నాడు. ‘దౌ అంటే యూ’ అని రాసుకున్న వాడికి ఈ రెండు రంగాలలోనూ షైలాక్ ఒకే స్వరంతో అరుస్తున్నట్టు ఉంటుంది. నాకు చాలా ఏళ్ళు అలాగే వినబడింది.

ఇంతకంటే సూక్ష్మమైన చోటు ‘హామ్లెట్’లో ఉంది, అక్కడ కాస్త నిదానంగా చదవాలి. భర్త పోయిన రెండు నెలలైనా తిరక్కుండా అతని తమ్ముణ్ణి పెళ్ళాడిన గెర్‌ట్రూడ్ రాణి, మూడో అంకం నాలుగో రంగంలో కొడుకును మందలించడానికి తన గదికి పిలిపిస్తుంది. ఆమె మొదటి మాట: ‘హామ్లెట్, దౌ హ్యాస్ట్ దై ఫాదర్ మచ్ అఫెండెడ్’. హామ్లెట్, మీ నాన్నను నువ్వు చాలా నొప్పించావు అని. ఆ ‘నాన్న’ ఇప్పటి భర్త క్లాడియస్. హామ్లెట్ అదే వాక్యాన్ని అచ్చు వేసినట్టు తిప్పికొడతాడు: ‘మదర్, యూ హ్యావ్ మై ఫాదర్ మచ్ అఫెండెడ్’. అమ్మా, మా నాన్నను మీరు చాలా నొప్పించారు. అతని నాన్న చనిపోయిన రాజు. ఇక్కడ అతడు యూ అనడంలో విశేషమేమీ లేదు, తల్లిని అతడు మామూలుగా అనేదే అది. ఇందాక జాగ్రత్త పడమన్నది ఇందుకే. దెబ్బంతా ఆ ‘నాన్న’ ఎవరన్న దాంట్లో ఉంది.

సర్వనామపు కథ నడిచేది తల్లి వైపున. కొడుకు ఎదురు సమాధానానికి ఆమె వెంటనే ‘కమ్, కమ్, యూ ఆన్సర్ విత్ యాన్ ఐడిల్ టంగ్’ అంటుంది. రండి రండి, ఏమిటా పిచ్చి సమాధానాలు అన్నట్టు, నువ్వు అన్న నోటితోనే మీరు అనేసింది. అలిగిన అమ్మ ‘సరేలెండి సార్’ అంటే మనకు ఎలా తగులుతుందో అలాంటి మీరు అది. నేనెవరినో మరిచారా అని కూడా యూతోనే అడుగుతుంది. మరవలేదు, మీరు రాణి, మీ భర్త తమ్ముడి భార్య, ఆ పైన, కాకుండా ఉంటే బాగుండేది గాని, నాకు తల్లి కూడా అంటాడు కొడుకు. అతడు ఆమెను కదలనివ్వకుండా కూర్చోబెట్టగానే భయంతో అలక ఎగిరిపోయి ‘వాట్ విల్ట్ దౌ డూ? దౌ విల్ట్ నాట్ మర్డర్ మీ?’ అని కేక పెడుతుంది. ఏం చేస్తావు, నన్ను చంపవు కదా. తర్వాత ఆమె కూలిపోయిన క్షణంలో, నా గుండెను రెండుగా చీల్చావు అంటున్నప్పుడు, ఆ మాట ‘దౌ’గానే ఉంటుంది. తల్లి, రాణి, భయపడిన ఆడమనిషి, మళ్ళీ తల్లి. ఈ నాలుగు మలుపులకూ షేక్‌స్పియర్ రంగసూచన ఒక్కటి కూడా రాయలేదు. నటికి అందే సూచనలు ఆ సర్వనామాలే.

ఇదే నాటకం మొదటి అంకం రెండో రంగంలో క్లాడియస్ తీరు చూడండి. మంత్రి కొడుకు లేయర్టీస్‌తో మాట మొదలుపెట్టడం యూతోనే, కాని రెండు మూడు పంక్తులలోనే ‘వాట్ వుడ్‌స్ట్ దౌ బెగ్, లేయర్టీస్?’ అని, ఏం కావాలో అడగవయ్యా అన్నంత చనువులోకి దిగుతాడు. ఆ వెంటనే, నా కొడుకువి అని చెప్పుకుంటూనే హామ్లెట్‌ను మాత్రం ప్రసంగం పొడుగునా యూ అని పిలుస్తాడు. ఎవరిని చూసి అతడు భయపడుతున్నాడో సభలో ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది.

ప్రతి దౌ వెనుకా ఇంత కథ ఉంటుందని మాత్రం అనుకోకండి. ‘ప్రిదీ’ అన్నది ‘ఐ ప్రే దీ’ అరిగిపోయి మిగిలిన మాట, మన ‘దయచేసి’ లాంటిది, దాన్ని లెక్కపెట్టవద్దు. దూరాన ఉన్నవారిని, చనిపోయినవారిని, ప్రకృతిని, తన మనసును పిలిచేటప్పుడు దౌ మామూలే. షేక్‌స్పియర్ సమకాలికుడు మార్లో రాసిన ‘డాక్టర్ ఫాస్టస్’లో ఫాస్టస్ చివరి గంటలో తనను తాను దౌ అనే పిలుచుకుంటాడు. ఒకే మాటలో రెండూ కలిసిపోయి కారణం అంతుబట్టని చోట్లు కూడా ఉంటాయి, అక్కడ బలవంతంగా అర్థం లాగడం కన్నా ముందుకు సాగిపోవడం మేలు.

ఈ వారం అభ్యాసం ఇది. ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాలుగో అంకం మొదటి రంగంలో, వకీలు వేషంలో వచ్చిన పోర్షియా షైలాక్‌ను అడిగే మొదటి ప్రశ్న ‘ఈజ్ యువర్ నేమ్ షైలాక్?’ అన్నది. అక్కడి నుంచి, ‘ఆర్ట్ దౌ కంటెంటెడ్, జ్యూ?’ అని ఆమె అడిగేదాకా చదవండి. ఆమె అతణ్ణి దౌ, దీ, దై అన్న ప్రతి చోటా గీత పెట్టండి, యూ, యువర్ అన్న చోట సున్న చుట్టండి. మొదటి గీత పడిన పంక్తిలో ఆమె అతణ్ణి పేరుతో పిలిచిందా, మరో మాటతో పిలిచిందా అన్నది పక్కన రాయండి. తర్వాత ఆ గీతలూ సున్నలే చూసుకుంటూ, ఆమె మాటలను మీ సొంత తెలుగులో, నువ్వు, మీరు ఎక్కడికక్కడ మారుస్తూ, పైకి చదవండి. వచ్చే పాఠంలో, అదే నాటకంలో కొందరు పద్యంలోనూ కొందరు వచనంలోనూ ఎందుకు మాట్లాడతారో చూద్దాం. ఆ గీతలను చెరిపేయకండి, వాటితో పని ఉంది.