చింత తగ్గాలంటే ఆరో అధ్యాయాన్ని మధ్యలోంచి చదవకండి

ఎవరైనా టెన్షన్‌లో ఉన్నారంటే మన సంఘాల్లో వెంటనే చూపించేది బైబిల్లో మత్తయి సువార్త 6:25. పక్షులను చూడండి, అడవిపువ్వులను చూడండి, చింతపడకండి. విన్నవాళ్ళు తల ఊపి ఇంటికెళ్తారు, మళ్ళీ అదే ఈఎంఐ లెక్క, అదే ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు, అమెరికాలో ఉంటే అదే వీసా గొడవ. వాక్యం పనిచేయక కాదు. యేసు ఆ మాటకు ముందు 19వ వచనం నుంచీ డబ్బు గురించి మాట్లాడుతున్నాడు: ఇక్కడ దాచుకున్నది చిమ్మెట కొడుతుంది, తుప్పు తింటుంది, దొంగ కన్నం వేసి పట్టుకుపోతాడు, దేవునికీ సిరికీ కలిపి చాకిరీ చేయడం కుదరదు అని. చింతపడకండి అన్నది దానికి కొనసాగింపు. మనం ఆ ముందు భాగం వదిలేసి పక్షుల దగ్గర మొదలుపెడతాం.

కాబట్టి ముందు 19 నుంచి 34 వరకు ఒకే ఊపులో చదవండి. తర్వాత ఒక కాగితం తీసుకుని మీ చింతల్ని ఉన్నదున్నట్టు రాయండి. "భవిష్యత్తు" అని రాస్తే ఉపయోగం లేదు. "వచ్చే నెల పదో తారీఖులోపు కాలేజీ ఫీజు కట్టాలి, సగం డబ్బు తక్కువ పడింది" అని రాయాలి. ఒక్కోదాని పక్కన ఇంకో మాట కూడా రాయండి: నేను భయపడుతున్నట్టే జరిగితే నాకు నిజంగా పోయేదేంటి? ఇక్కడ కాస్త నిజాయితీ కావాలి, ఎందుకంటే చాలాసార్లు అక్కడ తేలేది డబ్బు కూడా కాదు, బంధువుల్లో పరువు. మా అబ్బాయికి సీటు రాకపోతే తోడికోడలు ఏమంటుందో అన్న బాధ. "నీ ధనము ఎక్కడనుండునో అక్కడనే నీ హృదయము ఉండును" అని యేసు అన్నది ఇలాంటి కాగితం చూసినప్పుడే బాగా అర్థమవుతుంది. అమ్మ ఆరోగ్యం గురించిన దిగులులాంటివీ ఆ కాగితం మీద ఉంటాయి. అవి ప్రేమ వల్ల వచ్చినవి, వాటికి సిగ్గుపడక్కర్లేదు.

ఇప్పుడు ఆ చింతల్లో ఈరోజు మీ చేతిలో ఉన్న పని ఏదైనా ఉంటే దాని కింద గీత గీయండి. కాలేజీకి ఫోన్ చేసి వాయిదాల్లో కట్టొచ్చా అని అడగడం ఈరోజు పని. వాళ్ళు కుదరదంటే ఏమిటన్నది రేపటిది. "ఏనాటికీడు ఆనాటికి చాలును" అన్నాడంటే ఈరోజుకు కష్టమే ఉండదని చెప్పినట్టు కాదు కదా. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం, మన్నా కూడా అంతే, తలకు ఒక ఓమెరు (అప్పటి కొలత) చొప్పున ప్రతి ఉదయం బయటికి వెళ్ళి ఏరుకోవాల్సిందే, గుడారంలోకి వచ్చి పడలేదు. మర్నాటికని దాచింది పురుగు పట్టింది.

నమ్మకం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకునేవాళ్ళకు ఒంగోలు సంగతి చెప్పాలి. 1876–78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పార పట్టుకోవడానికీ ప్రార్థనకూ ఆయనకు గొడవేమీ కనిపించలేదు.

పొదుపు, ఇన్సూరెన్స్ విశ్వాసానికి విరుద్ధమా అని కూడా అడుగుతుంటారు. కాదు. ఐగుప్తులో యోసేపు రాబోయే కరువు కోసం ఏడేళ్ళు పంటలో అయిదో వంతు దాచాడు, దేశాన్ని బతికించాడు. లూకా సువార్త 12లో యేసు చెప్పిన కథలో ధనవంతుడూ ధాన్యమే దాచాడు, దేవుడు వాణ్ణి వెర్రివాడా అన్నాడు. వాడి మాటల్లో నా పంట, నా కొట్లు, నా ప్రాణమా తిను తాగు, అంతా నాదే, ఇంకొక మనిషి ప్రస్తావనే లేదు. మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎవరికోసం అన్నది మీరే చూసుకోండి.

ప్రార్థనకు ఆ కాగితమే పెట్టుకోండి. "ప్రభువా అన్నీ నీకు తెలుసు" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా ఒక్కో వరుసా చదివి అడగండి, అడిగాక ఇదివరకు అందిన మేలు ఒకటి పేరుపెట్టి చెప్పి స్తోత్రం చెప్పండి. ఫిలిప్పీ 4:6లో విన్నపంతోపాటు కృతజ్ఞత కూడా ఉంది, ఆ పత్రిక రాసినప్పుడు అపొస్తలుడైన పౌలు సంకెళ్ళలో ఉన్నాడు. తేదీ వేసి రాసుకోవడం మంచి అలవాటు. బ్రిస్టల్‌లో వేలమంది అనాథలను పెంచిన జార్జ్ ముల్లర్ ప్రార్థనలూ జవాబులూ రాసి ఉంచేవాడు. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో తీసిన, బైబిల్ వాక్యం ఉండే వాగ్దానపు కార్డు ఫ్రిజ్ మీద అంటించుకోండి, తప్పులేదు, కానీ అది లాటరీ టికెట్ కాదు.

ఇక అందరూ దాటేసే పని, ఇవ్వడం. మనసు మారాక ఇద్దాంలే అనుకుంటాం. యేసు చెప్పిన వరస వేరు, ధనం ముందు వెళ్తుంది, హృదయం దాని వెనక వెళ్తుంది. అందుకే నమ్మకం బలపడేదాకా ఆగకుండా ఈ వారమే, తిరిగి ఇవ్వలేని ఒకరికి, మీకు కాస్త తెలిసేంత మొత్తం ఇవ్వండి, ఎవరికీ చెప్పకండి. మిజోరం క్రైస్తవ ఇళ్ళలో వంట చేసే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం దేవుని పనికి పక్కన తీసిపెడతారు, వందేళ్ళకు పైగా నడుస్తున్న పద్ధతి అది, ఎంత లేనివాళ్ళయినా చేయగలరు. టీవీలో అడిగే "విత్తనపు కానుక" మాత్రం ఇది కాదు. వెయ్యి పంపితే లక్ష వస్తుందని పంపడం నా దృష్టిలో బేరం, చీటీ పాటకు దగ్గర చుట్టం.

రాత్రి నిద్ర పట్టకపోతే మంచం మీద లెక్కలు మళ్ళీ తెరవకుండా కాగితం మీద ఒక వరుస చేర్చి వదిలేయండి. వారాల తరబడి నిద్ర లేక, గుండె దడ, తిండి సహించకపోవడం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అది విశ్వాసం తక్కువై వచ్చినది కాదు. ప్రవక్త ఏలీయా బదరీచెట్టు కింద చచ్చిపోతానని పడుకున్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు, రొట్టె, నీళ్ళు పెట్టి తినమన్నాడు, తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి పెట్టాడు. డాక్టర్ రాసిన మాత్ర వేసుకుని ప్రార్థన చేసుకోవడానికి అడ్డేమీ లేదు.