ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ నేర్చుకుందాం – 3వ పాఠం: మండలంలో ఎవరి పని ఏది?

విపత్తు వచ్చినప్పుడు వేర్వేరు శాఖలు ఒకే చార్టు కింద కలిసి పనిచేసే పద్ధతే ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్. మొదటి పాఠంలో ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో, రెండో పాఠంలో అందులో వాడే పేర్లేమిటో చూశాం. ఈసారి చేత్తో చేయాల్సిన పని ఉంది. గోదావరి పాయల మధ్య లంక గ్రామాలున్న ఒక మండలాన్ని ఊహించుకుని, వరద వచ్చినప్పుడు అక్కడ ఎవరు ఏ బాధ్యత తీసుకోవాలో చార్టు గీద్దాం. తర్వాత 12 గంటలకు సరిపడా ప్రణాళిక రాద్దాం. తెల్లకాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. చాలాసార్లు చెరపాల్సి వస్తుంది కాబట్టి పెన్ను వద్దు.

కొత్తగా చేరినవాళ్ల కోసం వెనకటి సంగతి కొంచెం. 1970లో దక్షిణ కాలిఫోర్నియాలో కార్చిచ్చులు రేగి 16 మంది చనిపోయారు. మంటలార్పడానికి వచ్చిన శాఖలకు రేడియో ఫ్రీక్వెన్సీలు కలవలేదు, ఒకే వస్తువును తలా ఒక పేరుతో పిలిచారు, ఒక్కో అధికారి కింద లెక్కకు మించి మనుషులు చేరారు. ఆ అనుభవం నుంచే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ తయారైంది. అయినా 1991 అక్టోబరులో ఓక్లాండ్ కొండలు తగలబడి 25 మంది చనిపోయారు. పక్క ఊళ్ల నుంచి సాయానికి వచ్చిన ఫైరింజన్ల గొట్టాలు రెండున్నర అంగుళాలవి, ఓక్లాండ్ వీధుల్లోని హైడ్రెంట్ల (ఫైరింజన్లు నీళ్లు తీసుకునే కుళాయిల) కప్లింగులు మూడు అంగుళాలవి. నీళ్లు అందుబాటులో ఉన్నా గొట్టం బిగించడానికే అవస్థ పడ్డారు.

దాంతో కాలిఫోర్నియా చట్టం చేసింది. అత్యవసర పరిస్థితుల్లో రాష్ట్ర శాఖలన్నీ ఒకే పద్ధతిలో పనిచేయాలని శాసించింది. స్థానిక సంస్థల దగ్గరికి వచ్చేసరికి డబ్బుతో ముడి వేసింది. ఈ పద్ధతి వాడని సంస్థలకు 1996 డిసెంబరు నుంచి సహాయక చర్యల్లో సిబ్బందికైన ఖర్చును రాష్ట్రం నుంచి రాబట్టుకునే అర్హత లేకుండా పోయింది. ఆ చట్టంలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఇదే అని నా అభిప్రాయం. పద్ధతి మంచిదని ఎంత చెప్పినా అలవాటును వదులుకోని కార్యాలయం, బిల్లు ఆగుతుందంటే వారంలో నేర్చుకుంటుంది.

మన దేశంలో 2005 విపత్తు నిర్వహణ చట్టం వచ్చాక, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 జూలైలో ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాలు విడుదల చేసింది. రాష్ట్ర స్థాయిలో ప్రధాన కార్యదర్శి, జిల్లాలో కలెక్టర్ రెస్పాన్సిబుల్ ఆఫీసర్లు. వాళ్ల కింద రాష్ట్రం నుంచి జిల్లా, డివిజన్, మండలం దాకా రెస్పాన్స్ బృందాలు ఉండాలి. చార్టు ఆకారం అన్ని చోట్లా ఒకటే. జిల్లాలో ఎలా ఉంటుందో మండలంలోనూ అలాగే ఉంటుంది, పరిమాణమే తేడా. అందుకే మండలంతో మొదలుపెడుతున్నాం.

చార్టు గీద్దాం

కాగితం పైభాగంలో ఒక గడి గీసి ‘ఇన్సిడెంట్ కమాండర్’ అని రాయండి. మన మండలంలో ఆ గడి తహసీల్దారుది. పక్కనే మూడు చిన్న గడులు: సమాచారం–మీడియా, లైజన్ (బయటివాళ్లతో సమన్వయం), సేఫ్టీ. కింద మూడు పెద్ద గడులు: ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్. అమెరికా చార్టులో ఫైనాన్స్‌కు విడిగా నాలుగో గడి ఉంటుంది. మన మార్గదర్శకాల్లో అది లాజిస్టిక్స్ కింద ఒక బ్రాంచి మాత్రమే. ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా చార్టును దించుకునేవాళ్లు ముందు తడబడేది ఇక్కడే.

ఇప్పుడు గడులు నింపుదాం. ఆపరేషన్స్ గడిలో విపత్తు స్వభావాన్ని బట్టి మనిషి మారతాడు. లంకల నుంచి జనాన్ని పడవల్లో తరలించడమే ముఖ్యమైన పని కాబట్టి నేను ఎస్సైని పెడుతున్నాను. పడవల బాధ్యత చూడటానికి ఆయన కింద మత్స్యశాఖ అధికారి. అదే అంటువ్యాధి అయితే ఆ గడి పీహెచ్‌సీ డాక్టరుది. ప్లానింగ్‌కు మండల గణాంక అధికారి సరిపోతారు. ఏ లంకలో ఎన్ని ఇళ్లు, ఎంతమంది గర్భిణులు, ఎన్ని పశువులు అనే లెక్కలు తీసి పెట్టడం ఆయనకు కొత్త కాదు. లాజిస్టిక్స్‌కు ఎంపీడీవో. పునరావాస కేంద్రాలు, భోజనాలు, మంచినీళ్లు, జనరేటర్లు, పడవలకు డీజిల్ అన్నీ అటు నుంచే రావాలి. సేఫ్టీకి ఫైర్ స్టేషన్ అధికారి, లైజన్‌కు ఈవోపీఆర్డీ (పంచాయతీరాజ్ విస్తరణాధికారి), సమాచారానికి ఎంఈవో.

ఒక్క జాగ్రత్త. గడిలో మనిషి పేరు రాయకండి, హోదా రాయండి. దాని కింద ఇద్దరు ప్రత్యామ్నాయాల హోదాలు కూడా రాయండి. చార్టులు ఎక్కువగా చెడేది ఇక్కడే. పేర్లతో చక్కగా తయారుచేసి కలెక్టరేటుకు పంపుతారు, బదిలీల సీజన్ వస్తుంది, గోదావరి పొంగే నాటికి ఆ పేర్లలో సగం మంది వేరే జిల్లాలో ఉంటారు. పేర్లు, ఫోన్ నంబర్లు విడిగా ఒక కాగితం మీద పెట్టుకుని, జూన్ మొదటి వారంలో ప్రతి నంబరుకూ ఒకసారి ఫోన్ చేసి చూసుకోండి.

ఒకరికి ఒక్కరే పై అధికారి

ఈ పాఠంలో అసలు కష్టం ఇదే. కాసేపు ఇక్కడ ఆగుదాం.

మామూలు రోజుల్లో ఎస్సైకి తహసీల్దారు పై అధికారి కాదు, సీఐ ఉంటారు. డాక్టరుకు జిల్లా వైద్యాధికారి ఉంటారు. ఎంపీడీవోది వేరే శాఖ, సర్వీసులో తహసీల్దారు కంటే సీనియర్ కూడా కావచ్చు. వరద రోజున వీళ్లందరూ ఒక జూనియర్ తహసీల్దారు చెప్పినట్టు చేయాలి. నోరు తెరిచి ఎవరూ అనకపోయినా ఈ టెన్షన్ ప్రతి సమావేశంలోనూ ఉంటుంది. దీనికి మార్గదర్శకాలు చూపే దారి స్పష్టంగానే ఉంది: కేడర్ అలాగే ఉంటుంది, జీతం, సెలవు, క్రమశిక్షణ సొంత శాఖవే. ఘటన నడిచినన్ని రోజులు పని చెప్పేది మాత్రం చార్టులో ఆ మనిషికి పైనున్న గడి ఒక్కటే.

ఒక ఉదాహరణ చూడండి. మధ్యాహ్నం రెండు గంటలకు మత్స్యశాఖ అధికారి చేతిలో అయిదు ఇంజన్ పడవలున్నాయి. పడమటి లంకకు వెళ్లమని ఎస్సై చెప్పాడు. దారిలో ఉండగా మత్స్యశాఖ అధికారికి జిల్లా కేంద్రం నుంచి సొంత శాఖ పై అధికారి ఫోన్: “తూర్పు లంకలో మన మత్స్యకారుల కుటుంబాలు చిక్కుకున్నాయి, రెండు పడవలు అటు తిప్పండి.” ఏం చెప్పాలి? ఈ మాటలు బట్టీ పట్టినా ఫర్వాలేదు: “సార్, విషయం ఇప్పుడే కమాండ్ పోస్టుకు చెబుతున్నాను. వాళ్లు చెప్పగానే పంపిస్తాను.” వెంటనే ఎస్సైకి చెబుతారు. పెద్ద మార్పు అవసరమైతే ఎస్సై తహసీల్దారుతో మాట్లాడతాడు. ఇద్దరూ కలిపి చూస్తే తూర్పు లంకకు ఇంకో బృందం అప్పటికే బయల్దేరి ఉండొచ్చు. ఫోన్ చేసిన పెద్దాయన ఉద్దేశం మంచిదే, కానీ ఆయన ముందు మ్యాపు లేదు. చెప్పకుండా పడవలు తిప్పేస్తే పడమటి లంక గట్టు మీద నిలబడి ఎదురుచూసే జనానికి పడవ ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు.

ఇలాంటి ఫోన్లను అందుకుని సర్దిచెప్పడానికే లైజన్ ఆఫీసర్ ఉన్నాడు. శాఖల పై అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, ప్రజాప్రతినిధులు అందరికీ ఆయన నంబరే ఇవ్వాలి. ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందం వస్తే వాళ్ల జవాన్లకు వాళ్ల కమాండరే ఆదేశాలిస్తాడు. ఆ కమాండరుకు పని చెప్పేది మాత్రం ఆపరేషన్స్ గడి.

అయిదుగురి లెక్క

ఒకరి కింద నేరుగా మూడు నుంచి ఏడుగురు ఉండొచ్చు, అయిదైతే మేలు. మన మండలంలో 22 పడవలున్నాయి అనుకుందాం. మత్స్యశాఖ అధికారి ఒక్కడే 22 మంది సరంగులతో ఫోన్‌లో మాట్లాడలేడు. కాబట్టి అయిదేసి పడవలకు ఒక నాయకుడిని పెట్టి నాలుగు బృందాలు చేయండి. ఒకే రకం వనరులతో కూడిన ఇలాంటి బృందాన్ని స్ట్రైక్ టీమ్ అంటారు. పడవ, గజ ఈతగాళ్లు, ఏఎన్ఎం, వీఆర్వో కలిసి వెళితే అది టాస్క్ ఫోర్స్. మిగిలిన రెండు పడవలు స్టేజింగ్ ఏరియాలో సిద్ధంగా ఉంటాయి. ఏటిగట్టుకు దగ్గరగా, లారీ తిరగడానికి చోటున్న హైస్కూల్ మైదానం లాంటిది స్టేజింగ్ ఏరియాకు బాగుంటుంది. బయటి నుంచి వచ్చే ప్రతి పడవా, ప్రతి మనిషీ ముందు అక్కడికే వచ్చి పేరు రాయించుకోవాలి. సాయంత్రం ఆ పేర్లతోనే లెక్క సరిచూస్తారు. ఎవరైనా తిరిగి రాకపోతే తెలిసేది ఆ పుస్తకం వల్లే, దాన్ని గుమాస్తా పనిగా తీసిపారేయకండి.

లక్ష్యాలు రాయడం

పరిస్థితి ఇదీ. రాత్రి 9 గంటలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 13 లక్షల క్యూసెక్కులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక నడుస్తోంది. ఎగువన భద్రాచలంలో నీటిమట్టం 53 అడుగులు, అంటే అక్కడ మూడో హెచ్చరిక. రేపు ఇక్కడ ప్రవాహం 17 లక్షలకు చేరి మూడో హెచ్చరిక వస్తుందని అంచనా. 2022 జూలైలో ఇదే బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, కాబట్టి 17తో ఆగుతుందని ధీమా వద్దు. రేపు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా ప్రణాళిక రాయాలి.

ఎక్కువ మంది మొదట రాసే వాక్యం ఇలా ఉంటుంది: “ముంపు గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించి అన్ని చర్యలు చేపట్టవలెను.” ఇందులో తప్పు లేదు, కానీ పడవ నాయకుడికి దీనివల్ల ఉపయోగమూ లేదు. ఎవరిని, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని గంటల్లోగా? తిరగరాద్దాం:

“మధ్యాహ్నం 12లోగా పడమటి లంక, దిగువ లంక నుంచి గర్భిణులు, మంచాన ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులను హైస్కూల్ పునరావాస కేంద్రానికి చేర్చాలి. 3 గంటలలోగా ఆ రెండు లంకల్లో మిగిలిన అందరినీ చేర్చాలి. పశువులను ఉదయం 9లోగా ఏటిగట్టు మీదకు తోలించాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ పడవ ఎక్కకూడదు. సాయంత్రం 5:30 తర్వాత, ప్రాణాపాయం ఉంటే తప్ప, పడవలు నడపకూడదు.”

చివరి రెండు వాక్యాలు సేఫ్టీ ఆఫీసర్‌వి. ప్రమాదం కళ్లముందు కనిపిస్తే ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా పని ఆపించే అధికారం ఆయనకుంది. చీకట్లో కరెంటు తీగలు నీళ్లలో వేలాడే చోట ఆ అధికారాన్ని మొహమాటం లేకుండా వాడాలి. పశువుల గురించి ఎందుకు రాశామంటే, గేదెలు ఇంటి దగ్గర కట్టేసి ఉంటే లంక రైతు పడవ ఎక్కడు. ఆ ఒక్క పంక్తి లేకపోతే మిగతా లక్ష్యాలు ఆలస్యమవుతాయి.

ఈ లక్ష్యాలు, ఎవరు ఏ గడిలో ఉన్నారో చూపే చార్టు, ముంపు ప్రాంతాల చేతి మ్యాపు కలిపితే బ్రీఫింగ్ పత్రం తయారైనట్టే. మార్గదర్శకాల్లో దీనికి ఫారం 001 ఉంది. ఉదయం 5:30కి నాయకులందరినీ నిలబెట్టి పది నిమిషాల్లో చదివి వినిపించండి. సాయంత్రం బాధ్యత తీసుకునేవాళ్లకు ఇదే పత్రం, జరిగినవి, జరగనివి పక్కన రాసి, ముఖాముఖి అప్పజెప్పాలి. బాధ్యత మారిన సమయం రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

అభ్యాసం

మీరున్న మండలానికో, పట్టణంలో ఉంటే మీ వార్డుకో ఇదే చార్టు గీయండి. విపత్తు మీ ఇష్టం: చెరువు గండి, వడగాడ్పు, ఫ్యాక్టరీలో గ్యాస్ లీకు, తుపాను. ఆపరేషన్స్ గడిలో ఎవరిని పెట్టారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. అయిదుకు మించి లక్ష్యాలు వద్దు, ప్రతిదానికీ గంట, చోటు ఉండాలి. రాశాక ఈ విషయమే తెలియని ఇంట్లోవాళ్లకు ఒకసారి చదివి, ‘రేపు పొద్దున్న నువ్వెక్కడికి వెళ్లాలి?’ అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే ఆ వాక్యం మళ్లీ రాయండి.

నాలుగో పాఠంలో లాజిస్టిక్స్ తీసుకుంటాం: పునరావాస కేంద్రంలో 600 మందికి మొదటి పూట భోజనం ఎక్కడి నుంచి వస్తుంది, ఆ బిల్లు ఎవరు రాస్తారు, వరద తగ్గాక వచ్చిన వనరులను ఏ వరుసలో వెనక్కి పంపాలి. ఈ వారం మీ మండలంలో పునరావాస కేంద్రాలుగా గుర్తించిన బడులు ఏవో, వాటిలో మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయో కనుక్కుని ఉంచండి.