మంగళవారం గది: సొంత సెలూన్‌లో ఊరి కళకూ ఊరి పెద్దలకూ చోటు కల్పించడం ఎలా

సొంతంగా సెలూన్ నడుపుకొనేవారు ఊరికి ఏదైనా చేయాలనుకున్నప్పుడు మొదట చందా గురించే ఆలోచిస్తారు. పండుగకు వెయ్యి రూపాయలు రాసి, ఫ్లెక్సీ మీద షాపు పేరు వేయించుకుంటే ఆ ఏటికి బాధ్యత తీరిపోయిందనిపిస్తుంది. నల్లగొండలో రెండు కుర్చీల సెలూన్ నడుపుతూ నేను తెలుసుకున్నది వేరు. మన గల్లాపెట్టెలో డబ్బు తక్కువే గాని, వారంలో ఒక రోజంతా తాళం వేసి ఉండే గది ఉంది, చేతిలో పని ఉంది. ఈ రెండింటినీ పద్ధతిగా వాడితే చందా కంటే ఎక్కువ కాలం నిలిచే మేలు జరుగుతుంది.

మన ప్రాంతంలో మంగళవారం కటింగ్ చేయించుకోరు కాబట్టి షాపులు మూసే ఉంటాయి, అద్దె మాత్రం ఆ రోజుకూ కడుతూనే ఉంటాం. కుర్చీలను గోడ వారకు జరిపి చాప పరిస్తే చిన్న షాపులోనైనా పది మంది కూర్చోవచ్చు. ఈ గదిని ముందుగా సంగీతానికి ఇవ్వమని నా సలహా, ఎందుకంటే అది మన వృత్తికి పరాయిది కాదు. నాయీ బ్రాహ్మణ కుటుంబాలలో క్షౌరంతో పాటు డోలు, సన్నాయి తరతరాలుగా వస్తున్నాయి. గుడిలో సేవకైనా, పెళ్లి పందిట్లో మంగళవాద్యానికైనా పిలుపు ఆ ఇళ్లకే వచ్చేది. బ్యాండు మేళాలు, డీజేలు పెరిగాక ఎన్నో ఇళ్లలో సన్నాయి గుడ్డ సంచిలో చుట్టుకొని అటక మీదికి చేరింది. ఉమ్మడి పాలమూరు జిల్లాకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ గౌరవం మనందరికీ సంతోషమే గాని, అటువంటి వాద్యాన్ని కొత్తగా పట్టుకోవాలనుకొనే పిల్లవాడికి వారం వారం కూర్చొని నేర్చుకొనే చోటు దగ్గరలో ఉండాలి.

గురువును ఎంచుకొనేటప్పుడు దూరపు పేరున్నవారి కోసం వెతకకుండా, మన వీధిలోనో పక్క మండలంలోనో ఇప్పటికీ పెళ్లిళ్లకు వాయిస్తున్న పెద్దాయనను అడగండి. పాఠానికి ఇంత అని ముందే మాట్లాడుకొని, పాఠం ముగిసిన రోజే చేతికివ్వండి. "మీకూ నలుగురిలో పేరొస్తుంది కదా" అని ఉచితంగా చెప్పమనడం ఆయన విద్యను తక్కువ చేయడమే. తరగతులు మొదలుపెట్టడానికి ఆషాఢమో, మూఢమో మంచి సమయం. అప్పుడు ముహూర్తాలు ఉండవు, వాద్యకారులకు తీరిక ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా వారి ఇంట్లో రాబడి ఆగిపోయేదీ అప్పుడే. పెళ్లిళ్ల కాలంలో ఒకటి రెండు మంగళవారాలు తప్పిపోతే పట్టించుకోకూడదు.

గదిని సిద్ధం చేయడం సోమవారం రాత్రే జరగాలి. ఊడ్చినంత మాత్రాన సరిపోదు. మిషన్ కటింగ్‌లో రాలిన సన్న వెంట్రుక మూలల్లోనే ఉండిపోయి, ఫ్యాను వేయగానే లేస్తుంది. సన్నాయి పీక నోట్లో పెట్టుకొనేది కాబట్టి, తడిబట్టతో నేలను రెండుసార్లు తుడిచి, అద్దాల కింది బల్లను కూడా తుడవాలి. డోలును తల కడిగే తొట్టి దగ్గర పెట్టకండి, తోలు తేమకు వదులై నాదం పడిపోతుంది. ఇరుగుపొరుగు షాపులవారికి ముందే చెప్పి, సాయంత్రం రెండు గంటలకు పరిమితం చేసుకుంటే మంచిది. మైకు అవసరమే లేదు. రాత్రి 10 తరువాత లౌడ్‌స్పీకరు వాడటానికి చట్టమూ ఒప్పుకోదు.

గోడల విషయం త్వరగా చెప్పవచ్చు. కటింగ్ కోసం ఎదురుచూసేవారి కళ్లు ఎటూ గోడ మీదే ఉంటాయి, కాబట్టి సినిమా తారల పోస్టర్ల స్థానంలో స్థానిక చిత్రకారుల బొమ్మలు పెట్టండి. నీళ్ల తుంపర పడకుండా అద్దం ఫ్రేములో ఉంచి, కింద చిత్రకారుని పేరు, ధర రాయండి. అమ్ముడైతే కమీషన్ తీసుకోకండి. పోచంపల్లి, పుట్టపాక నేత బట్ట కిటికీ తెరలకూ దిండ్లకూ ఎంతో బాగుంటుంది. మెడకు చుట్టే కటింగ్ గుడ్డగా మాత్రం పనికిరాదు, నూలుకు వెంట్రుక పట్టుకుంటే దులిపినా రాలదు.

ఇక చేతి పని. మంచం దిగలేని పెద్దలకు ఇంటికి వెళ్లి గడ్డం, కటింగ్ చేయడం సెలూన్‌వాళ్లం చేయగల సేవలలో అత్యంత అవసరమైనదని నా నమ్మకం. దీనికి మంగళవారం వద్దు. మనకు పట్టింపు లేకపోయినా ఆ పెద్దలకు ఉంటుంది, వారి ఇంట్లో వారి మాటే నెగ్గాలి. నెలకు ఒక బుధవారం ఉదయం కేటాయిస్తే నలుగురైదుగురిని నిదానంగా చూడవచ్చు.

మర్రిగూడ వంటి మండలాలలో దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దల విషయంలో ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. ఫ్లోరోసిస్ ముదిరినవారికి వెన్ను, మెడ బిగుసుకుపోయి తల వెనక్కి వాలదు, కొందరికి పక్కకు కూడా తిరగదు. షాపులో అలవాటైన చేత్తో గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తబోతే వారికి ప్రాణం పోయినంత నొప్పి కలుగుతుంది. తల ఉన్నచోటే ఉండనిచ్చి, మనమే చిన్న పీట మీద, అవసరమైతే నేల మీద కూర్చొని, కింది నుంచి పైకి చూస్తూ పని చేయాలి. గడ్డం కింద కత్తి చేరనిచోట ట్రిమ్మరుతో సరిపెట్టడం మేలు. మెడ విరిచి టకటకమనిపించే మసాజు ఈ పెద్దలకే కాదు, ఎవరికీ చేయకూడదు, దానివల్ల మెడలోని రక్తనాళాలకూ నరాలకూ దెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

ఉచితం కదా అని శుభ్రతలో ఒక్క మెట్టు కూడా తగ్గరాదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి రక్తం అంటిన బ్లేడుతో ఒకరి నుంచి మరొకరికి పాకగలవు. మనిషి మనిషికీ కొత్త బ్లేడు, ఉతికిన తువ్వాలు వాడాలి. వాడిన బ్లేడ్లను మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. కత్తెర, దువ్వెనలను సబ్బుతో కడిగి ఆరబెట్టి, 70 శాతం స్పిరిట్‌తో తుడవాలి. ఒకే పటిక ముక్కను అందరి గడ్డాలకూ రుద్దే పాత అలవాటును మానుకొని, పటిక పొడిని దూదితో అద్దండి.

ఫొటోల గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటి ఏడు నేను ఒక వృద్ధాశ్రమంలో ఉచిత కటింగ్ పెట్టి కెమెరా తెప్పించాను. సగం గడ్డం గీసిన ఒక పెద్దాయన, కెమెరా తన వైపు తిరగగానే మెడ మీది తువ్వాలును నురగతో సహా ముఖం నిండా కప్పుకున్నాడు. కెమెరా బయటికి వెళ్లేదాకా తీయలేదు. ఆ రోజు నుంచి సేవకు వెళ్లినప్పుడు ఫోను సంచిలోనే ఉంటుంది.

క్యాన్సర్ రోగుల విగ్గుల కోసం జుట్టు ఇస్తామని అడిగేవారు ఇప్పుడు వస్తున్నారు. తీసుకొనే సంస్థ నియమాలు ముందే కనుక్కోండి, సాధారణంగా 12 అంగుళాల పొడవు కోరుతారు. తల కడిగి పూర్తిగా ఆరిన తరువాత, పాయలుగా విడదీసి రెండు చివర్లా రబ్బరు బ్యాండ్లు వేసి, పై బ్యాండుకు పైన కత్తిరించాలి. తడి జుట్టు బూజు పడుతుంది. చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల ఎదుటే చేయండి.

వీటన్నిటికీ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటే, తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు పథకం ఉంది. అది అందుతున్నవారు కరెంటు బిల్లులో ఆదా అయిన డబ్బులో కొంత వేరే డబ్బాలో వేయవచ్చు. నెలకు ఇంత అని ఖాయంగా మొక్కుకోకండి, వచ్చినదానిలో వంతుగా తీయండి. అయ్యప్ప మాలలు వేసుకొనే రోజులలో గడ్డాలు, కటింగులు ఒక్కసారిగా పడిపోతాయి, అప్పుడు ఖాయపు మొత్తం భారమై మొత్తం పనే ఆగిపోతుంది. పనికి తీసిన రుణాన్ని సేవకు ముట్టకూడదు. మన దగ్గర వాటా మీద పనిచేసే కుర్రవాడిని సేవకు తీసుకువెళ్తే ఆ పూట కూలి మనమే ఇవ్వాలి, దానం మనది, కడుపు అతనిది. ఖర్చంతా ఒక నోటుపుస్తకంలో రాసి కౌంటరు మీదే ఉంచితే అడిగినవారికి చూపించవచ్చు. మాలల రోజులు దాటి రాబడి మళ్లీ కుదురుకోగానే, ఆ డబ్బాలోంచి మొదట పక్కకు తీయవలసింది వచ్చే ఆషాఢానికి సన్నాయి గురువుకు ఇచ్చే అడ్వాన్సు.