అమ్మానాన్నలు సముద్రం దగ్గర, మనం హైదరాబాద్‌లో: తుఫానుకు ముందు మూడు రోజుల పని

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో ఎర్ర అక్షరాలు పరుగెత్తడం మొదలవగానే నిజాంపేటలోని మా అపార్ట్‌మెంట్‌లో కనీసం ఐదిళ్ల వాళ్లు ఫోన్లు పట్టుకుంటారు. ఒకరిది బాపట్ల, ఒకరిది భీమిలి. మాది కోనసీమలో కాట్రేనికోన దగ్గర, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. లిఫ్టులో ఎదురుపడితే పలకరింపు కూడా మారిపోతుంది: "మీవైపు ఎలా ఉంది?" ఏళ్ల తరబడి నేనూ ఫోను చేసి "అమ్మా, జాగ్రత్త" అనేదాన్ని. అమ్మ "సరేనే" అనేది. ఇద్దరం పెట్టేసేవాళ్లం. ఆ మాటకు ఊళ్లో ఒక్క బిందె కూడా నిండలేదు.

ఇప్పుడు నా పద్ధతి వేరు. ఏది ముందు మూతపడుతుందో దాని పని ముందు చేయిస్తాను. తుఫాను వస్తోందంటే ఊళ్లో ఒక్కొక్కటీ వరసగా అందకుండా పోతుంది. మొదట చెట్టెక్కే మనిషి దొరకడు. తరవాత మందుల షాపు, పెట్రోలు బంకు, ఏటీఎం. ఆపైన కరెంటు, దాని వెనకే ఫోను, చివరికి రోడ్డు. మనకేమో ఫోను ఒక్కటే ఆధారం కాబట్టి మూడు రోజులూ ఛార్జింగు గురించే మాట్లాడి, ఇంటి మీదికి వంగిన కొబ్బరి చెట్టును మరిచిపోతాం. ఒకసారి నేను చేసిన పని అదే.

కబురు చదవడం

వాతావరణ శాఖ బులెటిన్‌లో రెండు వేగాలు ఉంటాయి. రెంటినీ కలిపేసుకుంటే పప్పులో కాలేసినట్టే. "గంటకు 12 కిలోమీటర్ల వేగంతో వాయవ్య దిశగా కదులుతోంది" అన్నది తుఫాను మొత్తంగా జరుగుతున్న వేగం. అది విని మా నాన్న ఒకసారి "నా సైకిలు ఇంతకన్నా జోరుగా పోతుంది కదమ్మడూ, దీనికా ఇంత హడావిడి" అన్నారు. లోపల తిరిగే గాలి వేగం వేరే వాక్యంలో ఉంటుంది. అది గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుఫాను అంటారు. 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను.

కదిలే వేగం మనకు పనికొచ్చేది లెక్క కట్టడానికి. తీరానికి 420 కిలోమీటర్ల దూరంలో ఉండి గంటకు 12 చొప్పున వస్తోందంటే 35 గంటలు. గాలీ వానా చాలా ముందే దిగుతాయి కాబట్టి నేను అందులోంచి పన్నెండు గంటలు కొట్టేస్తాను. మిగిలినదే పని చేసుకునే సమయం. అందులో రాత్రి ఎంత ఉందో కూడా చూసుకోండి, రాత్రిపూట పెంకులు సర్దలేరు. నెమ్మదిగా కదిలే తుఫాను మంచిదనుకోవద్దు. ఉన్నచోటే తిష్ఠ వేసి వాన కుమ్మరిస్తుంది.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల గురించి ఒక్క మాట. ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్న ఆ నంబర్లు ఓడలకూ పడవలకూ ఉద్దేశించినవి. 5 కన్నా 7 పెద్ద గాలి అని మా ఊళ్లో ఇప్పటికీ వాదిస్తారు. నిజానికి 5, 6, 7 మూడూ ఒకే స్థాయి. తుఫాను ఆ రేవుకు ఏ పక్కగా దాటుతుందన్నదే తేడా. 8, 9, 10 నంబర్లు వస్తే తీవ్రత పెరిగినట్టు. 11 అన్నింటికన్నా భయంకరమైన గాలి కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయన్న సూచన.

గాలి సంగతి ఇలా ఉంటే, ఉప్పెన సంగతి వేరుగా చూడాలి. 1977 నవంబరు 19న దివిసీమలో అన్ని వేల ప్రాణాలు పోవడానికి ప్రధాన కారణం ఊళ్ల మీద పడిన సముద్రమే. అలలు ఎంత ఎత్తున లేస్తాయి, నీరు ఎంత లోపలికి రావచ్చు అన్న అంచనాలు వేసే ఇన్‌కాయిస్ కేంద్రం మా ఇంటికి దగ్గర్లోనే, ప్రగతినగర్‌లో ఉంది. కూరగాయలకు వెళ్తూ దాని గేటు ముందునుంచే వెళ్తాను. ఇది చెబితే నాన్న నవ్వారు. "సముద్రం మా పెరటి అవతల ఉంటే దాని కబురు హైదరాబాద్ నుంచి రావాలన్నమాట!" రావాలి మరి. బులెటిన్‌లో "సాధారణ పోటు కన్నా ఇంత ఎత్తున" అన్న వాక్యం ఉందంటే, మీ ఊరు పల్లంలో ఉందంటే, ఇక ఇంటి గట్టిదనం గురించి చర్చ అనవసరం. ఊరు వదలాల్సిందే.

వాట్సాప్‌లో వచ్చే వీడియోలు ఊరికి పంపకండి. నేను పంపాను. ఎత్తైన అలలు మేడల మీద పడుతున్న వీడియో అది. మన సముద్రమే కాదని తరవాత తెలిసింది. దాంతో అమ్మకు ఆ రాత్రి బీపీ పెరిగింది. తుఫాను ఇంకా అండమాన్ దాపులోనే ఉంది.

కొబ్బరి చెట్టు, నీళ్ల ట్యాంకు

వాయుగుండం అన్న మాట వినగానే నా మొదటి ఫోను అమ్మకు కాదు, దింపు తీసే అతనికి. ఉదయం ఆరింటికే చేస్తాను, ఏడు దాటితే ఊరంతా అతని కోసం వెతుకుతుంటుంది. ఇంటి చుట్టూ ఉన్న చెట్ల ముదురు కాయలూ, ఎండు మట్టలూ దింపించాలి. పెనుగాలిలో ఎగిరే కొబ్బరికాయ ఫిరంగి గుండుతో సమానం. గాలి మొదలయ్యాక ఎవరూ చెట్టెక్కరు, డబ్బు ఆశ చూపి ఎక్కించడం పాపం. కింద పడ్డ మట్టలను కూడా కట్ట కట్టించి గోడవారన పెట్టించాలి. రేకు ముక్కలు, పాత తలుపు, పూలకుండీలు, ఆరుబయటి ప్లాస్టిక్ కుర్చీలు, గాలికి లేచేది ఏదైనా లోపలికి చేరాలి.

స్నానాల గది పైన ఉన్న ప్లాస్టిక్ ట్యాంకును అంచు దాకా నింపించండి. మాది 500 లీటర్లది. నిండితే అర టన్ను బరువుతో కదలకుండా కూర్చుంటుంది, ఖాళీగా ఉంటే గాలికి బంతిలా దొర్లిపోతుంది. కరెంటు పోయాక మోటారు తిరగదు కాబట్టి వాడుకకూ ఆ నీళ్లే దిక్కు. తాగే నీళ్లు వేరు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున ఐదు రోజులకు పక్కన పెట్టిస్తాను. ఇద్దరికీ కలిపి రెండు టిన్నులు.

అమ్మ ఇన్సులిన్ నాకు పెద్ద బెంగ. ఫ్రిజ్ ఆగిపోతే ఏమి చేయాలని మా డాక్టరును అడిగితే కుండ చాలన్నారు. పెద్ద మట్టి కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, చిన్న కుండలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన మందు. పైన తడి గుడ్డ. మంచు గడ్డలకు నేరుగా తగలనివ్వకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు. అన్ని మందులూ పదిహేను రోజులకు సరిపడా ముందే తెప్పించాలి. మందుల చీటీ ఫొటో నా ఫోనులోనూ ఉంటుంది.

పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఒకే సంచిలో. వందలు, రెండు వందల నోట్లుగా కొంత నగదు. ఫోనుతో చెల్లించడం అలవాటైన వాళ్లు దీన్నే మరిచిపోతారు. అమ్మ మాత్రం ఎప్పుడూ బియ్యం డబ్బాలో దాస్తుంది, ఆమెకు చెప్పక్కర్లేదు.

ఇల్లు వదలమని ఎలా చెప్పాలి

మాది పెంకుటిల్లు. రెండిళ్ల అవతల బాబాయిది డాబా. "ఇల్లు వదిలి వెళ్లండి" అంటే నాన్న ససేమిరా కదలరు. ఆ ఇల్లు ఆయన తండ్రి కట్టింది. మూడు తుఫానులు వాదించి ఓడిపోయాక పిన్నితో చెప్పించాను: "బావగారూ, ఈ రాత్రి భోజనం మా ఇంట్లో." భోజనానికి వెళ్లినవాళ్లు వానలో తిరిగి రాలేరు కదా. పడకా అక్కడే అయింది. పెద్దవాళ్లకు భయం చెప్పి లాభం లేదు, వాళ్లు మనకన్నా ఎక్కువ తుఫానులు చూశారు. మర్యాదకు మాత్రం లొంగుతారు. అయితే అధికారులు పునరావాస కేంద్రానికి తరలమంటే బాబాయి డాబా కూడా లెక్కలోకి రాదు. బండి వచ్చిన మొదటిసారే ఎక్కాలి.

ఆవు ఉంటే పలుపు విప్పి వదలాలి. కట్టేసిన గొడ్డు నీళ్లొస్తే ఎటూ పోలేదు.

ఒక్క విషయం మాత్రం నేను నాన్నకు చెప్పక్కర్లేదు, ఆయనే అందరికీ చెబుతారు. 1996 నవంబరు 6 రాత్రి. నాకు పద్నాలుగేళ్లు. దీపావళి నాలుగు రోజుల్లో ఉంది, ఎండబెట్టిన మతాబాల పెట్టె మంచం కింద భద్రంగా ఉంది. అప్పటిదాకా ఉత్తరం నుంచి ఊళ వేస్తూ కొట్టిన గాలి ఉన్నట్టుండి ఆగింది. ఎంత నిశ్శబ్దమంటే చూరు నుంచి నీటిబొట్లు పడటం వినిపించింది. నాన్న లాంతరు తీసుకుని గొడ్ల సావిడి చూసొస్తానని గడియ మీద చేయి వేశారు. తాతయ్య ఆ చేయి పట్టుకున్నారు. "ఇది సగమేరా. మిగతా సగం అటునుంచి వస్తుంది." నాన్న నిలబడిపోయారు. అరగంట కాకముందే దక్షిణం నుంచి గాలి విరుచుకుపడింది. మొదటి గాలికి వంగి నిలిచిన చెట్లు ఈసారి వేళ్లతో సహా లేచాయి, సావిడి కప్పు పొలంలో తేలింది. తుఫాను కన్ను అంటారే, అది మా మీదుగా వెళ్లింది. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అందుకే గాలి ఆగితే తలుపు తీయకూడదు. అధికారులు చెప్పేదాకా, లేదా తెల్లారేదాకా లోపలే.

ఫోను

తుఫాను తీరం దాటే రోజు గంటగంటకూ ఫోను చేసేది ప్రేమతో కాదు, మన భయంతో. అవతల ఛార్జింగు కరిగిపోతుంది. మేము వేళలు పెట్టుకున్నాం: ఉదయం ఏడు, మధ్యాహ్నం ఒంటి గంట, రాత్రి ఏడు. మిగతా సమయం అమ్మ ఫోను ఆపేసి ఉంటుంది. నాన్నది ఆన్‌లో ఉంటుంది, డేటా కట్టేసి. మాటలు కలవకపోయినా సంక్షిప్త సందేశం ఒక్కోసారి దూరిపోతుంది. కాబట్టి ముందే వరస అనుకోవాలి: మనుషులు, ఇల్లు, నీళ్లు. ఈ మూడింటికీ మూడు ముక్కలు చాలు. రెండు వేళలు దాటినా కబురు లేకపోతే నేను బాబాయి కొడుక్కి చేస్తాను, అతని సిమ్ వేరే కంపెనీది. అదీ కాకపోతే జిల్లా కంట్రోల్ రూము. ఇక్కడ చాలామంది తికమకపడేది ఈ నంబరు దగ్గరే. 1070, 1077 లాంటి చిన్న నంబర్లు అక్కడున్న వాళ్లకు పనికొస్తాయి, హైదరాబాద్ నుంచి కొడితే ఇక్కడి కంట్రోల్ రూముకే పోవచ్చు. ప్రతి తుఫానుకూ కలెక్టరేట్ ప్రకటించే పూర్తి నంబరును పత్రికలో చూసి రాసిపెట్టుకోవాలి.

మీరు బయల్దేరి వెళ్దామనుకుంటున్నారా? మూడు రోజుల ముందైతే వెళ్లండి, వీలైతే వాళ్లనే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి ఇటు తెచ్చుకోండి. చివరి రోజు మాత్రం వద్దు. రైళ్లు రద్దవుతాయి, దారిలో చిక్కుకుంటే వాళ్ల బెంగ వాళ్లది పోయి మీ బెంగ కూడా వాళ్లకే చుట్టుకుంటుంది.

తెల్లారాక

వీధిలో తెగిన తీగ కనిపిస్తే కరెంటు లేదు కదా అని పక్కకు లాగకూడదు, లైన్‌మన్ వచ్చేదాకా ఆగాలి. కూలిన పెంకుల కింద చేయి పెట్టేముందు కర్రతో కదపాలి, పాములు పొడి చోటు వెతుక్కుంటూ అక్కడికే చేరతాయి. బావి నీళ్లు క్లోరిన్ వేసేదాకా తాగకూడదు. చేలో వరి పడిపోయి కంకులు నీళ్లలో నానితే గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలి. ఏదీ శుభ్రం చేయకముందే ఫొటోలు తీయాలి, నష్టం రాసుకునేవాళ్లు వచ్చేసరికి వాకిలి ఊడ్చేసి ఉంటే చూపించడానికి ఏమీ మిగలదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటినప్పుడు రెండు వేళలు ఖాళీగా పోయాయి. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, అన్నం ముందు పెట్టుకుని కూర్చుని ఉంటే, బాబాయి కొడుకు ఫోను నుంచి నాన్న మాటలుగా సందేశం వచ్చింది: "అందరం క్షేమం. పెంకులు పోయాయి. నీళ్లు ఉన్నాయి. ఆవు ఈనింది, పెయ్య." పెంకులు వేసే మేస్త్రీకి అప్పుడే ఫోను చేశాను. ఊళ్లో నాకన్నా ముందు పదకొండు ఇళ్లవాళ్లు చెప్పి ఉంచారట.