మక్కచేను రాత్రి కాపలాకి టార్చిలైటు కొనేముందు

మాకు వికారాబాద్ పక్కన రెండెకరాల మక్కచేను ఉంది. నేనుండేది హైదరాబాద్‌లో, వారమంతా ఉద్యోగం, కానీ కంకి పాలు పట్టే రోజులు వచ్చాయంటే శని ఆదివారాలు మా నాయినతో పాటు మంచె మీదే పడుకుంటాను. అడవిపందుల గుంపు ఒక్క రాత్రి దిగిందంటే తిన్నది తక్కువ, తొక్కి విరగ్గొట్టింది ఎక్కువ, తెల్లారి ఆ చేను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రెండేళ్లలో మూడు టార్చిలు మార్చాను. మొదటి రెండూ తప్పు కొనుగోళ్లే, ఆ తప్పులు మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక మాట. రాత్రి, టార్చి, అడవిపంది అనగానే కొందరికి వేట గుర్తొస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం, పంట పాడుచేసే జంతువైనా సరే చట్టం చెప్పిన అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప చంపకూడదు. గట్టు చుట్టూ కరెంటు తీగ పెట్టడం గురించైతే ఆలోచన కూడా రానివ్వకండి, ఆ తీగకి పందుల కంటే ముందు పక్క పొలం మనిషో, మన ఇంటి మనిషో బలవుతారు. మన పని చూడటం, చప్పుడు చేయడం, వెళ్లగొట్టడం. దానికి కావలసిన లైటు గురించే ఇక్కడ మాట్లాడుతున్నాను.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసే లూమెన్లు చూసి కొనకండి. లూమెన్ అంటే టార్చి నుంచి మొత్తం ఎంత వెలుగు బయటికొస్తుందనే లెక్క మాత్రమే, ఆ వెలుగు ఎటు పోతుందో అది చెప్పదు. గదిలో వేసే బల్బు వెలుగు నాలుగు దిక్కులా పోతుంది, అదే వెలుగుని లోతైన నున్నటి రిఫ్లెక్టర్‌లో పెట్టి ఒక్క వైపుకి తోస్తే గట్టు అవతలికి పోతుంది. ఒక దిక్కుకి ఎంత గట్టిగా పోతుందో చెప్పేది కాండెలా. పేరున్న కంపెనీలు ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ప్రకారం డబ్బా మీద దూరం కూడా మీటర్లలో రాస్తాయి, కానీ ఆ అంకె అర్థం తెలియక చాలామంది నిరాశపడతారు. 200 మీటర్లు అని రాస్తే, 200 మీటర్ల దగ్గర పడే వెలుగు 0.25 లక్స్, అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. వెన్నెల్లో అంత దూరాన నిలబడ్డది పందో, తుమ్మ పొదో మీకు తెలుస్తుందా? తెలియదు. సగం దూరానికి వస్తే వెలుగు నాలుగింతలవుతుంది, కాబట్టి డబ్బా మీద రాసిన దాంట్లో సగం, ఇంకా జాగ్రత్తగా ఉండాలంటే మూడో వంతు మాత్రమే మన పనికొచ్చే దూరం అనుకోండి. రెండెకరాల చదరపు చేనుకి ఒక్కో వైపు 90 మీటర్లు వస్తుంది, కాబట్టి 300 మీటర్లు అని రాసినది మాకు సరిపోయింది. 1,000 మీటర్లు పోయే సన్నటి గీత లాంటి లైటు పెద్ద పెద్ద బీళ్లకి బాగుంటుందేమో గానీ, చేను మీద అది సూదితో వెతికినట్టే ఉంటుంది, ఆ చిన్న వెలుగు చుక్కలో పంది కనబడేలోపు అది గట్టు దాటిపోతుంది.

హైదరాబాద్‌లో లైటు పరీక్షించాలంటే చీకటే దొరకదు, అసలు చిక్కు అక్కడ ఉంది. కోఠి గుజరాతీ గల్లీలోనో, ట్రూప్‌బజార్‌లోనో షాపు నిండా ట్యూబులు వెలుగుతుంటే ఏ టార్చి వేసినా ఒకేలా కనబడుతుంది. "అన్నా, నచ్చకపోతే రేపు మార్చుకుంటా" అని ముందే మాట తీసుకోండి, బిల్లు మీద ఆ ముక్క రాయించుకోండి, రాత్రి పది దాటాక మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో లైట్లు ఆపి చూడండి. గోడ నుంచి సరిగ్గా 5 మీటర్లు టేపుతో కొలిచి నిలబడండి. ఫోన్‌లో ఉచితంగా దొరికే లైట్ మీటర్ యాప్ వేసి, ఫోన్‌ని గోడకి ఆనించి స్క్రీన్ మీ వైపు ఉండేలా పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా చెప్పి, టార్చి నడిబొడ్డు వెలుగు ఫోన్ పై భాగం మీద పడేట్టు వేయండి, ఎందుకంటే చాలా ఫోన్లలో వెలుగు కొలిచే సెన్సర్ సెల్ఫీ కెమెరా పక్కనే ఉంటుంది. వచ్చిన లక్స్‌ని 25తో గుణిస్తే కాండెలా. దాని వర్గమూలానికి రెట్టింపు చేస్తే మీటర్లు. ఉదాహరణకి 400 లక్స్ చూపిస్తే 10,000 కాండెలా, వర్గమూలం 100, అంటే 200 మీటర్లు. 900 లక్స్ వస్తే 300 మీటర్లు. ఫోన్ సెన్సర్ అంత కచ్చితం కాదు గానీ అబద్ధం చెప్పే డబ్బాని పట్టుకోవడానికి చాలు, నా మొదటి టార్చి మీద 500 మీటర్లు అని ఉంటే లెక్కలో 140 వచ్చింది.

వెలుగు రంగు కూడా చూసుకోండి. నీలం కొట్టే తెల్ల లైటు కంటికి బాగా వెలుగున్నట్టే అనిపిస్తుంది, కానీ ఎర్రమన్ను, ఎండిన ఆకు, పంది ఒంటి రంగు దాని కింద ఒకే బూడిద ముద్దలా కనబడతాయి. వెలుగు రంగుని కెల్విన్లలో రాస్తారు, 4,000 నుంచి 5,000 కెల్విన్ మధ్య ఉన్నది తీసుకుంటే మట్టి మట్టిలా, జంతువు జంతువులా విడిగా తెలుస్తాయి.

ఇప్పుడు అడవిపంది గురించి చాలామంది పట్టించుకోని విషయం. ఆవు, బర్రె, కుక్క, నక్క, పిల్లి, దుప్పి కళ్ల వెనక అద్దం లాంటి పొర ఒకటుంటుంది, లైటు పడగానే కళ్లు నిప్పుల్లా మెరిసేది దాని వల్లే. పందికి ఆ పొర లేదు. కళ్లు మెరిస్తేనే జంతువు ఉన్నట్టు అనుకుని చేనంతా తిప్పి చూసి ఏమీ లేవని మీరు పడుకుంటారు, గుంపు మాత్రం అక్కడే ఉంటుంది. కళ్లు మెరిశాయంటే చాలాసార్లు అది తాడు తెంపుకొచ్చిన పక్కోళ్ల బర్రె. అందుకే పంది కోసం వెతికేది మెరుపు కాదు, ఆకారం. దానికి నడుమ గట్టి వెలుగు, చుట్టూ కొంచెం పలచటి వెలుగు రెండూ ఉన్న టార్చి కావాలి. మిగతా జంతువుల కళ్లు చూడాలంటే టార్చిని చెంప పక్కన, కంటి ఎత్తులో పట్టుకోండి, మెరుపు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది కాబట్టి లైటు నడుము దగ్గర ఉంటే అది మీ కంటికి అందదు. ఇంకోటి, మక్క నిలువెత్తు పెరిగాక లోపల దూరిన పంది ఏ లైటుకీ కనబడదు. కట్టెలు పటపట విరిగే చప్పుడు వినాలి, లైటు గట్ల మీద, చేను అంచుల మీద తిప్పాలి. కింద నిలబడి వేస్తే దగ్గరి ఆకులే తెల్లగా మెరిసి కళ్లు చెదురుతాయి, అదే మంచె మీది నుంచి అయితే ఆ బాధ ఉండదు.

రెండో టార్చి కొన్నప్పుడు మా నాయిన ఒక్క రాత్రి చూసి, "దూరం బానే పోతుందిరా, కాళ్ల కాడ ఏం కనబడ్తలేదు" అన్నాడు. ఆ మాట నిజం. కట్లపాము తిరిగేది రాత్రిపూటే, రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి ఉంటుంది. నడవడానికి వేరే చిన్న లైటు ఉండాలి, 100 నుంచి 200 లూమెన్లు ఇచ్చే వెడల్పు వెలుగు చాలు. తలకి కట్టుకునేదైతే చేతిలో కర్ర పట్టుకోవచ్చు, కానీ కంటి ఎత్తు నుంచి పడే వెలుగులో నీడలు కనబడవు, నేల చదునుగా అనిపిస్తుంది, పురుగులు కూడా మొహం మీదికే వస్తాయి. నేను చిన్న లైటుని నడుము దగ్గర పట్టుకుని నడుస్తాను, పాము గానీ గుంత గానీ ఉంటే దాని నీడ పక్కకి సాగి ముందే తెలిసిపోతుంది. బూట్లు తప్పనిసరి. ఒకవేళ కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం వద్దు, కదలకుండా ఉంచి వెంటనే 108కి ఫోన్ చేయండి.

బ్యాటరీ దగ్గరే మోసం ఎక్కువ. ఇప్పుడు మంచి టార్చిల్లో వచ్చేది 18650 సెల్లు, 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో ఎంఏహెచ్‌లలో రాస్తారు, ఆ సైజులో మామూలుగా పట్టేది దాదాపు 3,500 ఎంఏహెచ్ వరకే. దాని మీద 9,900 అని రాసి ఉంటే అది అబద్ధం, ఇంకో మాట లేదు. అనుమానముంటే వంటింటి త్రాసు మీద పెట్టండి, అసలు సెల్లు 45 గ్రాములు అటూ ఇటూగా తూగుతుంది, నా మొదటి టార్చిలోది 31 తూగింది. మరీ తేలికగా ఉన్నదాంట్లో సరుకు తక్కువ, గంటలో ఆరిపోతుంది. 21700 సెల్లున్న టార్చి కొంచెం లావు, కానీ 5,000 దాకా పడుతుంది, రాత్రంతా కాపలాకి నేను దాన్నే మేలంటాను. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న పాతరకం ఛార్జింగ్ లైట్లు ఖాళీ చేసి నెలలు వదిలేస్తే మళ్లీ లేవవు. సెల్లు బయటికి తీయగలిగేది, టైప్-సి ఛార్జింగ్ ఉన్నది చూసుకోండి.

"టర్బో" అని రాసిన వెలుగు కొన్ని నిమిషాలే ఉంటుంది, వేడెక్కగానే దానంతటదే తగ్గుతుంది, అది లోపం కాదు. పక్కన రాసే రన్‌టైమ్ కూడా వెలుగు పదో వంతుకి పడిపోయేదాకా లెక్కేసిన సమయం. నీళ్లు లోపలికి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే ఐపీఎక్స్7 అనే గుర్తు ఉంటే వానకి నిశ్చింత. తలని ముందుకీ వెనక్కీ లాగే జూమ్ టార్చిల్లో ఆ సందులోంచే నీళ్లు, దుమ్ము పోతాయి, వద్దు. స్విచ్ చెమట చేత్తో, చీకట్లో, ఒక్క నొక్కుడుకి పడాలి, పంది ఎదురొచ్చినప్పుడు ఐదు మోడ్‌లు తిప్పుకుంటూ కూర్చోలేం.

మంచె మీద ఉన్నంతసేపు లైటు ఆపే ఉంచండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి తెల్ల లైటు వేస్తే అదంతా పోతుంది. టీ పోసుకోవడానికి, ఫోన్ వెతుక్కోవడానికి సన్నటి ఎర్ర లైటు చాలు. చప్పుడు వినబడ్డాకే పెద్ద లైటు వేయండి, రేకు డబ్బా మోగించండి, కానీ పిల్లలతో ఉన్న పందికి అడ్డం నిలబడకండి, అది పోవడానికి ఒక వైపు దారి వదలండి. కోతలయ్యాక సెల్లుని సగం ఛార్జిలో బయటికి తీసి, చల్లటి చోట డబ్బాలో పెట్టండి. మా ఇంట్లో అది మళ్లీ వానాకాలం దాకా పప్పుల షెల్ఫ్ పై అరలోనే ఉంటుంది.