నీళ్లు తేట, రిపోర్టు ఫెయిల్: లాడ్జీ ఎస్‌టీపీ తంటాలు

తిరుపతిలో లాడ్జీ ఎస్‌టీపీకి, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటుకు, రోజులన్నీ ఒక్కలా ఉండవు. శని, ఆదివారాలు గదులు కిటకిట, బ్రహ్మోత్సవాలకైతే చెప్పనే అక్కర్లేదు. మంగళవారం పొద్దున ఒక్క సీసా పట్టి ప్లాంటు బ్రహ్మాండమని తేల్చేయకండి. రద్దీ రోజున గంటగంటకూ కొంచెం పట్టి, కలిపి బీఓడీ (నీళ్లలో కుళ్లే మురికి ఎంతుందో చెప్పే పరీక్ష) చూపించండి. కోలిఫామ్ (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) పరీక్షకు మాత్రం కలపకూడదు, అప్పటికప్పుడు పట్టిన శాంపిలే పంపాలి.

సమస్య: నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు. రిపోర్టులో ఫీకల్ కోలిఫామ్ వేలల్లో.

కారణం: సూక్ష్మజీవులు కంటికి కనపడవు కదా. మురుగులో 100 మిల్లీలీటర్లకు కోటి ఉన్నాయనుకోండి. 99 శాతం పోయినా లక్ష మిగులుతాయి. ఎస్‌టీపీలకు 2017 కేంద్ర నోటిఫికేషన్ అడిగేది 1000 లోపు, అంటే 99.99 శాతం పోయినా అంచుమీదే. అందుకే "99 శాతం గ్యారంటీ సార్" అంటే నేను చెవిన వేసుకోను.

పరిష్కారం: ముందు హైపో (క్రిములను చంపే క్లోరిన్ ద్రావణం) క్యాను చూడండి. మాది డాబా మీద మే ఎండలో ఉండేది. పంపు టక్‌టక్‌మని కొడుతూనే ఉంది, చుక్క పడుతూనే ఉంది. బయటికొచ్చే నీళ్లలో క్లోరిన్ ఉంటే పసుపుగా మార్చే ఆర్థోటోలిడిన్ వేస్తే పసుపు ఛాయ కూడా రాలేదు. ఎండకు హైపోలో సత్తువ పోయింది! నీడకు మార్చండి, కొద్దికొద్దిగా తెప్పించండి. క్లోరిన్ కలిశాక నీళ్లు అరగంటైనా ట్యాంకులో నిలవాలి. అమోనియా ఎక్కువున్నా క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది. అప్పుడు డోసు పెంచడం కాదు, మురుగుకు గాలి కొట్టే బ్లోయర్ సంగతి చూడాలి; గాలి చాలకపోతే అమోనియా మిగిలిపోతుంది.

దీనికి తిరకాసు ఇంకొకటి: రిపోర్టు మరీ బాగున్నా అనుమానించండి. సీసాలో క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ లేకపోతే, దారి పొడుగునా క్లోరిన్ క్రిములను చంపుతూనే ఉంటుంది. ఐసు పెట్టెలో పెట్టి, ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చండి.

సమస్య: క్లారిఫైయర్‌లో (బురద కిందికి దిగే ట్యాంకులో) బురద గడ్డలుగా తేలుతోంది.

కారణం: లీటరు సిలిండర్‌లో ఏరేషన్ ట్యాంకు (మురుగుకు గాలి కొట్టే ట్యాంకు) నీళ్లు పోసి చూడండి. అరగంటలో చక్కగా దిగి, తర్వాత బుడగలతో లేచిందా? క్లారిఫైయర్ అడుగున బురద ఎక్కువసేపు నిలిచి, ఆక్సిజన్ అందక నైట్రోజన్ గ్యాసు పుడుతోంది. అసలు దిగకపోతే దారపు పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగిందేమో. చాలాసార్లు ఆక్సిజన్ తక్కువైనందుకే.

పరిష్కారం: మొదటిదానికి, అడుగు బురదను ఏరేషన్ ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ స్లడ్జ్ పంపు ఎక్కువసేపు నడపండి. రెండోదానికి, ట్యాంకు అడుగున గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్లు కడిగి, ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూడండి.

తెల్ల నురగా? ముందు దుప్పట్లు ఉతికే చోట సబ్బు పొడి ఎంత పోస్తున్నారో అడగండి.